డిజైన్ నేడు, డబ్బులు రేపు

ఏ ఊళ్లోనైనా సరే, ఒక ఫ్లెక్సీ షాపు ముందు ఆగి బోర్డు చదవండి. ప్రింటింగ్ చదరపు అడుగుకు ఇంత. వినైల్ అయితే ఇంత. ఫ్రేముకు వేరు. తీసుకెళ్లి కట్టినందుకు కూలీ వేరు. అన్నిటికీ ఒక రేటు. అన్నిటికంటే కింద, ఎర్రరంగులో, ఆశ్చర్యార్థకంతో సహా ఒక మాట: డిజైన్ ఫ్రీ!

సిరాకు ధర ఉంది. గుడ్డకు ధర ఉంది. మేకుకూ ధర ఉంది. ఆ గుడ్డ మీద ఏం ఉండాలో, ఎక్కడ ఉండాలో ఆలోచించిన బుర్రకు మాత్రం లేదు. కూరగాయలు కొన్నవాడి సంచిలో కరివేపాకు రెబ్బ పడేసినట్టు, అది కొసరు.

షాపువాడిని తిట్టకండి. అతను నిజాయితీపరుడు కాబట్టి బోర్డు రాసి పెట్టాడు. అద్దాల మేడల్లో కూర్చున్నవాళ్లు, సచివాలయాల్లో కూర్చున్నవాళ్లు, స్టార్టప్ పేరుతో టీషర్టు వేసుకున్నవాళ్లు అమలుచేసే విధానమూ అదే. కాకపోతే వాళ్లు బోర్డు పెట్టరు. పని చేయించుకున్నాక చెబుతారు.

ఇంతకీ ఫ్రీలాన్సర్ అంటే ఎవరు? ఉపన్యాసాల్లో అయితే స్వేచ్ఛాజీవి. నచ్చినప్పుడు లేస్తాడు. నచ్చిన పనే చేస్తాడు. కాఫీ షాపులో కూర్చుని డాలర్లు లెక్కపెట్టుకుంటాడు. 'ఉద్యోగం అడిగేవాళ్లు కాదు, ఇచ్చేవాళ్లు కావాలి' అని ఇంజినీరింగ్ కాలేజీ వార్షికోత్సవంలో మంత్రిగారు మైకు పగిలేలా చెబుతారే, ఆ బాపతు. మరి వాస్తవంలో? ఒక్క బాసు పోయి పదిమంది బాసులు వచ్చారు. పదిమందిలో ఒక్కడూ ఒకటో తారీఖున జీతం వెయ్యడు. పీఎఫ్ లేదు. ఈఎస్ఐ లేదు. ఆదివారం అసలే లేదు. క్లయింటుకు ఐడియాలు వచ్చేదే ఆదివారం!

2022లో నీతి ఆయోగ్ ఒక నివేదిక ఇచ్చింది. 2020-21లో దేశంలో గిగ్ కార్మికులు 77 లక్షలట. 2029-30 నాటికి 2.35 కోట్లు అవుతారట. ప్రభుత్వాలు ఆ అంకె చూసి మురిసిపోయాయి. ఎందుకు మురవవు? అన్ని కోట్ల మందికి ఉద్యోగం చూపించే బాధ్యత తప్పిందిగా! 2020 సామాజిక భద్రతా స్మృతిలో గిగ్ కార్మికుడికి నిర్వచనం రాశారు. సంక్షేమ నిధికి అగ్రిగేటర్లు డబ్బు కట్టాలన్నారు. బాగుంది. కారు నడిపేవాడికి, పార్సిల్ మోసేవాడికి నెత్తిన ఒక యాప్ ఉంది. నేరుగా క్లయింటుకు లోగో గీసే మాకు అగ్రిగేటర్ ఎవరు? షట్టరు మీద బోర్డు చేయించుకున్న ఫర్నిచర్ షాపు ఆసామా?

ఇక ఫోన్ మోగుతుంది.

'బ్రదర్, చిన్న పని.'

ఆ మాటతోనే గుండె జారుతుంది. తర్వాతి వాక్యాలు మాకు కంఠతా వచ్చు. 'ఐదు పేజీల వెబ్‌సైటే. పెద్ద పనేం లేదు. మ్యాటర్ మీరే రాసేసుకోండి. ఫొటోలు గూగుల్లో బోలెడు ఉంటాయి. సింపుల్‌గా, అమెజాన్‌లా ఉంటే చాలు.' అమెజాన్‌లా ఉంటే చాలట! ఇంకా నయం, నాసాలా ఉంటే చాలు అనలేదు. 'ఎంతవుతుంది?' చెబుతాం. అటువైపు నవ్వు. 'అంతా? మా బామ్మర్ది ఐదు వేలకే చేస్తానన్నాడు.' మరి చేయించుకోవచ్చుగా మహానుభావా, మాకెందుకు ఫోన్ చేశావు?

'అడ్వాన్స్ కొంత వెయ్యండి సార్' అంటాం. అటు మౌనం. తర్వాత ఆ ప్రసిద్ధమైన ప్రశ్న: 'అంటే, మా మీద నమ్మకం లేదా బ్రదర్?'

ఈ పెద్దమనిషే కూతురి పెళ్లికి కల్యాణమండపానికి నెలల ముందే అడ్వాన్స్ కట్టాడు. వంటవాళ్లకు కట్టాడు. పూల డెకరేషన్‌కు కట్టాడు. డ్రోన్ కెమెరాకు కట్టాడు. వాళ్లలో ఎవరినీ నమ్మకం గురించి నిలదీయలేదు. నిలదీస్తే మండపంవాడు తాళం తియ్యడు. మా దగ్గర తాళం లేదు. ఒక పీడీఎఫ్ ఉంది. పంపిన మరుక్షణం అది ఆయనది. మేం ఎవరిమో ఆయనకు గుర్తుండదు.

కొందరు ఇంకా ఘనులు. 'శాంపిల్‌గా రెండు మూడు చేసి చూపించండి, నచ్చితే మాట్లాడుకుందాం' అంటారు. చేసి చూపిస్తే నచ్చలేదంటారు. కొన్నాళ్లకు ఆ నచ్చని లోగోయే, నీలం తీసి ఆకుపచ్చ వేసి, వాళ్ల డెలివరీ వ్యాన్ మీద ఊరంతా తిరుగుతుంది. అడిగారా? 'అబ్బే, అది మా బామ్మర్ది చేశాడు.' ఈ దేశంలో ప్రతి క్లయింటుకూ ఒక బామ్మర్ది ఉంటాడు. వాడికి కోరల్‌డ్రా వచ్చు. ఇప్పుడు కాన్వా కూడా వచ్చు. వాడు ఎక్కడ ఉంటాడో ఎవరూ చూడలేదు.

1957 కాపీరైట్ చట్టం ఏమంటోంది? ఉద్యోగిగా కాకుండా బయటి మనిషిగా గీసిచ్చిన లోగో మీద మొదటి హక్కు గీసినవాడిదే. కాగితం మీద సంతకం పెట్టి రాసిస్తే తప్ప అది చేతులు మారదు. చదవడానికి ఎంత హాయిగా ఉంది! ఆ హక్కు కోసం కోర్టు మెట్లెక్కితే లాయరు ఫీజు ఎంత? లోగో రేటు ఎంత? లెక్క మీరే వేసుకోండి.

ఇక మన ప్రజాస్వామ్యానికి పట్టుకొమ్మ అయిన పుట్టినరోజు ఫ్లెక్సీ సంగతి చూద్దాం. ఇది కాస్త దగ్గరగా చూడాల్సిన కళ.

రాత్రి పది దాటాక వస్తుంది ఆర్డరు. తెల్లారేసరికి సెంటర్లో కట్టాలి. మ్యాటర్ వాట్సాప్ వాయిస్ మెసేజీలో ఉంటుంది, వెనకాల డీజే మోతతో కలిపి. మధ్యలో నాయకుడు, నిలువెత్తున, నమస్కారం పెడుతూ. పైన గుండ్రాల్లో అధినేత, అధినేత తండ్రి, అధినేత కొడుకు. కింద 'శుభాకాంక్షలతో' అని వరసగా అనుచరగణం. ఒక్కొక్కడూ తన ఫొటో తానే పంపుతాడు. ఒకడిది నల్లకళ్లద్దాల సెల్ఫీ. ఒకడిది ఆధార్ కార్డు నుంచి తీసింది. ఒకడిది పెళ్లి గ్రూపు ఫొటో నుంచి కత్తిరించింది, భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంది. ఎవరిదా చెయ్యి? మొన్న పార్టీ మారినవాడిది. 'ఆ చెయ్యి తీసెయ్యాలన్నా.' చెయ్యి పోవాలి, భుజం మిగలాలి. కొండంత రాజకీయ సంక్షోభాన్ని క్లోన్ స్టాంపుతో పరిష్కరించాలి. దీనికి రేటు? ఫ్రీ.

తర్వాత తలకాయల పంచాయితీ. మండల అధ్యక్షుడి తల పట్టణ అధ్యక్షుడి తల కంటే నూలుపోగంత చిన్నదైనా ఫోన్ వస్తుంది. 'అన్నా, మన అన్న తల కొంచెం పెంచన్నా.' పెంచుతాం. వెంటనే రెండో అన్న మనిషి నుంచి ఇంకో ఫోన్. తలలు పెరుగుతూ పోతాయి. ఫ్లెక్సీ మాత్రం అంతే ఉంటుంది. చివరకు ఎవరి పుట్టినరోజో ఆయనకే చోటు చాలదు.

ఇన్ని తలలు కొలిచే ఈ కళ్లకు అక్షరం కనపడుతుందా? డీటీపీవాడు అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ యూనికోడ్ కాదు. తెచ్చి వేరేచోట అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. పోనీ యూనికోడ్‌లో కొడదామా? పాత ఫొటోషాప్‌లో దక్షిణాసియా భాషల సెట్టింగు మార్చకపోతే ఒత్తులు కిందికి దిగవు. 'జన్మదిన'లోని మ కింద చేరకుండా పక్కన నిలబడి బిక్కమొహం వేస్తుంది. సెట్టింగు తెలిసినవాడు సరిచేస్తాడు. తెలియనివాడు అలాగే ప్రింటు కొట్టిస్తాడు. ఊరంతా ఆ విరిగిన తెలుగు కింద నడుస్తుంది. ఒక్కడూ కిమ్మనడు. తల చిన్నదైతే మాత్రం రాస్తారోకో! ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతికి తెలుగు భాషా దినోత్సవం జరుపుతారే, ఆ వేదిక వెనకున్న బ్యానర్లో ఒత్తులు ఎలా ఉన్నాయో ఈసారి కాస్త తలెత్తి చూడండి. గిడుగు పేరుతో యూనికోడ్ ఫాంటు ఉంది, ఉచితంగా దొరుకుతుంది. పెద్దన పేరుతో ఉంది, గురజాడ పేరుతో ఉంది, ధూర్జటి పేరుతోనూ ఉంది. రాజులను ఉతికి ఆరేసిన ధూర్జటి పేరిటి అక్షరాలతోనే ఎమ్మెల్యేగారికి జేజేలు కొడుతున్నాం. ఆయన లేడు కాబట్టి బతికిపోయాం.

ఎన్నికలొస్తే ఈ తిరనాళ్ల జోరు నూరింతలు. 2023 నవంబరులో తెలంగాణ, 2024 మేలో ఆంధ్రప్రదేశ్. డిజైనర్లకు కంటి మీద కునుకు లేదు. రోజుకో పోస్టరు, గంటకో స్టేటస్ వీడియో, ప్రత్యర్థి మీద పూటకో మీమ్. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదని ఎన్నికల సంఘం నియమం. అందుకని ఆ ఒక్క నెలా మనకు వినపడే మాట: 'బిల్లు వద్దు బ్రదర్, లెక్కలో పడుద్ది.' బిల్లు లేదు కాబట్టి ఆధారం లేదు. ఆధారం లేదు కాబట్టి బాకీ లేదు. కరపత్రం మీద, పోస్టరు మీద అచ్చువేసినవాడి పేరు, వేయించినవాడి పేరు ఉండి తీరాలని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ చెబుతోంది. గీసినవాడి పేరు ఎవరికి కావాలి? ఫలితాలొచ్చాక చూడాలి తమాషా. ఓడితే అభ్యర్థి ఫోన్ ఎత్తడు. గెలిస్తే పీఏ ఎత్తుతాడు.

'రాజకీయ నాయకులు అంతేలెండి, ప్రభుత్వం వేరు' అంటారా? ప్రభుత్వ మర్యాదా చూద్దాం. 2009లో కేంద్ర ఆర్థిక శాఖ రూపాయికి ఒక గుర్తు కావాలనుకుంది. డిజైనర్లను పిలిచి, ఫీజిచ్చి, పని చేయించుకుందా? లేదు. పోటీ పెట్టింది. పోటీకి 500 రూపాయల ప్రవేశ రుసుము! అవును, ఆర్థిక శాఖే. మూడు వేలకు పైగా ఎంట్రీలు వచ్చాయి. 2010 జులైలో ఉదయకుమార్ గీసిన గుర్తు ఎంపికైంది. ఆయనకు 2.5 లక్షల బహుమతి. మంచి గుర్తు, మంచి డిజైనర్, అనుమానం లేదు. మిగిలిన వేలమంది? డబ్బుకు గుర్తు గీయడానికి ఎదురు డబ్బు కట్టి, వట్టి చేతులతో ఇంటికెళ్లారు.

2014లో స్వచ్ఛభారత్ లోగో. మళ్లీ పోటీ. విజేతకు 50 వేలు. ఆ గాంధీ కళ్లద్దాలు ఈ రోజు ఎక్కడున్నాయి? మీ జేబులోని కొత్త నోటు వెనక ఉన్నాయి. తీసి చూసుకోండి. కొత్త సిరీస్ నోట్ల మీదకు ఎక్కిన బొమ్మకు ప్రభుత్వం కట్టిన వెల అది. ఈ దారి పడ్డాక కిందివాళ్లు ఊరుకుంటారా? యూనివర్సిటీకి లోగో పోటీ. మున్సిపాలిటీకి మస్కట్ పోటీ. ఉత్సవానికి పోస్టరు పోటీ. 'విజేతకు ప్రశంసాపత్రం ఇవ్వబడును. ఎంట్రీలన్నిటి మీదా సర్వహక్కులూ నిర్వాహకులవే.' ఓడినవాడి బొమ్మ మీద కూడా హక్కు వాళ్లదే! కాంక్రీటు రోడ్డుకు ఎప్పుడైనా ఇలా పోటీ పెట్టారా? కాంట్రాక్టర్లంతా తలా ఒక రోడ్డు వేసి చూపించండి, బాగున్నదానికి శాలువా కప్పుతాం అన్నారా? అనరు. కాంట్రాక్టరుకు పలుకుబడి ఉంది. మాకు పోర్ట్‌ఫోలియో ఉంది.

సరే, ప్రభుత్వ వెబ్‌సైట్లు మాత్రం డబ్బిచ్చే చేయిస్తారు. ఎవరికిస్తారు? టెండర్ కాగితం చదివితే కళ్లు తిరుగుతాయి. కోట్లలో టర్నోవర్ ఉండాలి. ధరావతు కట్టాలి. పెద్ద కంపెనీ పట్టుకుంటుంది. చిన్న కంపెనీకి ఇస్తుంది. అది ఇంకా చిన్నదానికి ఇస్తుంది. చిట్టచివర అమీర్‌పేటలో కోచింగ్ పూర్తిచేసిన కుర్రాడొకడు హాస్టల్ గదిలో కూర్చుని, వారంలో ఆ పోర్టల్ తయారు చేస్తాడు. కోట్లన్నీ దారిలోనే దిగిపోయాయి. కుర్రాడి దాకా చేరింది బస్సు చార్జీ. ఫలితం? పైన పరుగెత్తే అక్షరాలు. పక్కన ఏళ్లనాటి నోటీసు ముందు ఇప్పటికీ మిణుకుమిణుకుమనే 'న్యూ'. నొక్కితే వంకరగా స్కాన్ చేసిన పీడీఎఫ్. అన్నిటికంటే కింద, 'ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే బాగుండును' అనే ప్రేమపూర్వక సలహా. ఆ బ్రౌజర్‌కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న కర్మకాండ జరిపించేసింది. ఆ కబురు ఇంకా కొన్ని శాఖలకు చేరలేదు. సర్కారీ సైట్లు ఎలా ఉండాలో 2009లోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. చూపులేనివాళ్లు కూడా వాడుకునేలా ఉండాలంది. చూపున్నవాడికే దారి దొరకడం లేదు, ఇక వాళ్ల మాటేంటి!

ఇక కార్పొరేట్ దొరలు. వీళ్లు ఫ్లెక్సీ అన్నల్లా అరవరు. ఎంతో మృదువుగా మాట్లాడతారు. మొదట 'వెండర్ ఆన్‌బోర్డింగ్' అంటారు. పాన్ కార్డు, క్యాన్సిల్డ్ చెక్కు, జీఎస్టీ డిక్లరేషన్, రహస్యం బయటపెట్టనని ఒప్పందం. ఎనిమిది వేల బ్రోచర్ కోసం ఇంటి కాగితాలు తప్ప అన్నీ ఇస్తాం. పర్చేజ్ ఆర్డర్లో చీమతలకాయంత అక్షరాల్లో ఒక మాట ఉంటుంది: బిల్లు ఇచ్చాక 90 రోజులకు చెల్లింపు. పని గడువు? రేపు సాయంత్రం.

పని అయ్యాక బిల్లు ప్రయాణం మొదలవుతుంది. మార్కెటింగ్ నుంచి పర్చేజ్‌కు. పర్చేజ్ నుంచి అకౌంట్స్‌కు. అక్కడ 'సిస్టంలో ఎక్కలేదు.' ఎక్కించాక 'సార్ ఫారిన్‌లో ఉన్నారు.' సార్ వచ్చాక 'క్వార్టర్ ఎండింగ్.' క్వార్టర్ గడిచాక 'మీకు పనిచ్చిన మేడమ్ రిజైన్ చేశారు కదా, కొత్తాయన మళ్లీ అప్రూవ్ చెయ్యాలి.' కొత్తాయన ఏమంటాడు? 'లోగో కొంచెం పెద్దది చెయ్యగలరా?'

చట్టం లేకనా ఇదంతా? ఎందుకు లేదు, లక్షణమైన చట్టం ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం. ఉద్యమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే ఒంటరి డిజైనర్ కూడా సూక్ష్మ సంస్థే. నమోదుకు పైసా ఖర్చు లేదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఎంత లాగినా 45 రోజుల్లో డబ్బు ఇచ్చి తీరాలి. కాగితం మీద 90 అని రాసుకున్నా చెల్లదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 2024లో బ్యాంకు రేటు 6.75 శాతం. అంటే 20.25 శాతం! ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు. ఫెసిలిటేషన్ కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలి. తీర్పు మీద అప్పీలుకు వెళ్లాలంటే కంపెనీ ముందు 75 శాతం సొమ్ము డిపాజిట్ చెయ్యాలి. చాలదన్నట్టు 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపన్ను చట్టంలో ఇంకో మెలిక. గడువులోగా చిన్న సంస్థకు చెల్లించకపోతే, చెల్లించేదాకా ఆ ఖర్చును కంపెనీ లెక్కలో చూపించుకోవడానికి లేదు.

ఇంత ఆయుధాగారం ఉంది. మరి బాకీలెందుకు వసూలు కావు? ఎందుకంటే ఆయుధం పట్టినవాడికి మర్నాటి నుంచి పని ఉండదు. ఫిర్యాదు చేసిన గంటలో ఆ కంపెనీ పోతుంది. వారంలో మార్కెటింగ్ మేనేజర్ల వాట్సాప్ గ్రూపులో 'వీడితో జాగ్రత్త' అని మన పేరు తిరుగుతుంది. ఎగ్గొట్టినవాడి పేరు తిరిగే గ్రూపు మాత్రం ఎక్కడా లేదు. చట్టం రాసినవాళ్లకు ఇది తెలియదా? భేషుగ్గా తెలుసు. వాడలేని హక్కు ఎంత ఉదారంగా ఇచ్చినా ఎవరికీ నష్టం లేదు.

అసలు జరుగుతున్నదేమిటో తేటగా చెప్పుకుందాం. అద్దె గదిలో ఉండే కుర్రాడు అద్దాల మేడకు వడ్డీలేని అప్పు ఇస్తున్నాడు. పూచీకత్తు అడగకుండా. గడువు చెప్పకుండా. పైగా తిరిగి అడగడానికి వాడే సిగ్గుపడుతున్నాడు. 'గుడ్ మార్నింగ్ సార్, డిస్టర్బ్ చేస్తున్నందుకు సారీ, మన బిల్లు సంగతి...' సారీ ఎవరు చెప్పాలండీ?

కోత మాత్రం క్షణం ఆగదు. వృత్తి రుసుము అని 10 శాతం టీడీఎస్ తీస్తారు. కొందరు మహాత్ములు తీస్తారు గానీ కట్టరు. ఏడాది చివర 26ఏఎస్ తెరిచి చూస్తే అక్కడ శూన్యం. మనకూ రాలేదు, సర్కారుకూ చేరలేదు. పోనీ, కష్టపడి ఏడాదికి 20 లక్షలు దాటామనుకోండి. 18 శాతం జీఎస్టీ స్వాగతం పలుకుతుంది. బిల్లు ఇచ్చిన మరుసటి నెల 20వ తేదీకి పన్ను కట్టాలి. క్లయింటు డబ్బిచ్చాడా లేదా అన్నది మీ ఖర్మ. రాని డబ్బు మీద పన్ను! అప్పు చేసి మరీ దేశసేవ. ఆ అప్పయినా పుడుతుందా? బ్యాంకుకు వెళ్తే, 'శాలరీ స్లిప్ ఉందా?' పెళ్లిచూపులకు వెళ్తే, 'అబ్బాయి ఇంట్లోనే ఉంటాడటగా?'

స్టార్టప్‌ల సంగతి రెండు ముక్కల్లో. 'ఇప్పుడు డబ్బులేం లేవు బ్రో, ఈక్విటీ ఇస్తాం.' ఏమాత్రం ఈక్విటీ, ఎక్కడ రాశారు, ఎవరు సంతకం పెట్టారు? అవేం లేవు, విజన్ ఉంది. ఫండింగ్ రాగానే మొదట జరిగే పని తెలుసా? బెంగళూరు ఏజెన్సీకి లక్షలిచ్చి, మనం గీసిన లోగో తీసేయించడం.

మా శిబిరం తక్కువేం తినలేదు. 'క్రియేటివిటీని గౌరవించండి' అని స్టేటస్ పెట్టేవాడి ల్యాప్‌టాప్‌లో ఫొటోషాప్ దొంగది. 2013లో అడోబీ కొత్త వెర్షన్లను చందా మీదే ఇవ్వడం మొదలుపెట్టినా ఇతగాడు దొంగ కాపీ వదల్లేదు. ఎవడో చేసిన టెంప్లేట్‌లో పేరు మార్చి 'హ్యాండ్‌మేడ్' అని అమ్మేవాళ్లున్నారు. 99 రూపాయలకు లోగో అని ప్రకటన వేసి పక్కవాడి పొట్ట కొట్టేవాళ్లున్నారు. అందరికంటే ఘనుడు ఒకప్పటి ఫ్రీలాన్సరే. ఏజెన్సీ పెట్టాడు, పదిమంది కుర్రాళ్లకు పని పంచుతాడు, బిల్లు అడిగితే 'పైనుంచి రాలేదమ్మా' అంటాడు. తాను తిన్న దెబ్బలన్నీ వరసగా గుర్తుపెట్టుకుని మరీ కొడతాడు.

ఇప్పుడు ఏఐ వచ్చింది. 2025 మార్చిలో ఊరూవాడా అందరూ జిబ్లీ బొమ్మలయ్యారు, గుర్తుందా? ఆ వారంలోనే క్లయింట్లందరికీ జ్ఞానోదయమైంది. 'ఇదంతా ఏఐ చేసేస్తుందిగా, మీకెందుకు అంత?' చేసేస్తుంది, కాదనం. నగల షాపు ఓనరు ఒకాయన సొంతంగా పోస్టరు చేయించుకుని పంపాడు. అమ్మాయి బాగుంది. హారం బాగుంది. అమ్మాయి చేతికి ఆరు వేళ్లున్నాయి, అదీ సర్దుకోవచ్చు, ఇంకో ఉంగరం అమ్ముడవుతుంది. తెలుగులో రాసిన శీర్షిక మాత్రం తెలుగు కాదు, కన్నడం కాదు, భూమ్మీద ఏ భాషా కాదు. గుండ్రంగా ఉన్నాయి కాబట్టి తెలుగక్షరాలేనని ఆయన నమ్మకం. 'అంతా రెడీయే, జస్ట్ క్లీన్ చెయ్యండి. ఐదొందలిస్తా.' ఆ క్లీనింగు అంటే ఏమిటంటే, మొదటి నుంచీ మొత్తం మళ్లీ చెయ్యడం. రేటు మాత్రం తుడిచినందుకు.

ఇంతకంటే పరాకాష్ఠ ఉంటుందా అంటారా? ఉంది. ఒక వ్యాపార సంఘం పెద్దలు మొన్నామధ్య సదస్సు పెట్టారు. స్టార్ హోటల్లో. అంశం: చిన్న సంస్థలకు సకాలంలో చెల్లింపులు, మన బాధ్యత. వేదిక వెనక పెద్ద బ్యానర్, ఆహ్వానపత్రిక, మెడలో వేసుకునే బ్యాడ్జీలు, రిజిస్ట్రేషన్ పేజీ, అన్నీ నేనే చేశాను. ఉపన్యాసాలు అదిరిపోయాయట. 45 రోజుల నియమాన్ని ఒకాయన వేమన పద్యంతో సహా వివరించాడట. చప్పట్లు మోగాయట. భోజనాల్లో అపోలో ఫిష్ ఉందట. హోటలు బిల్లు ఆ రాత్రే కట్టారు. కట్టకపోతే కార్లు బయటికి పోనివ్వరు.

45 రోజులు గడిచాయి. ఇంకో 45 గడిచాయి. అకౌంట్స్‌కు ఫోన్ చేశాను. చాలా మర్యాదస్తుడు, అడగ్గానే ఫైలు తీశాడు.

'మీది ఉందండీ, ఉంది. ఒక్క డౌటు. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా?'

ఉందన్నాను, ఎక్కడో ఆశ మెరిసి.

'అయ్యో. అది క్యాన్సిల్ చేసుకుని మళ్లీ బిల్లు పంపుతారా? మాకు ట్యాక్స్ ప్రాబ్లం వస్తుందండీ.'